కమిటీ కాగితాలు సభ చేతికి ఎప్పుడు వస్తాయి?

2023 డిసెంబర్ 8న మధ్యాహ్నం 12 గంటలకు లోక్‌సభలో, సభ్యుల నడవడిపై ఫిర్యాదులను విచారించే ఎథిక్స్ కమిటీ నివేదిక పెట్టారు. అనుబంధాలతో కలిపి దాదాపు 500 పేజీలు. రెండు గంటలకు చర్చ మొదలైంది. సాయంత్రానికల్లా, డబ్బు తీసుకుని సభలో ప్రశ్నలు వేశారన్న ఆరోపణపై, తృణమూల్ ఎంపీ మహువా మొయిత్రా సభ్యత్వం పోయింది. చదువుకోవడానికి మూడు నాలుగు రోజులు గడువివ్వండని ప్రతిపక్షం అడిగితే స్పీకర్ ఓం బిర్లా అరగంట చర్చకు ఒప్పుకున్నారు. మొయిత్రాకు కమిటీ ముందు మాట్లాడే అవకాశం దొరికింది కాబట్టి సభలో మళ్లీ అక్కర్లేదని 2005 నాటి ఆనవాయితీని గుర్తు చేశారు.

ఆ బహిష్కరణ న్యాయమా కాదా అనే వాదన జోలికి ఇక్కడ పోవడం లేదు. ఆ రోజు టీవీల్లో ఎవరూ సూటిగా జవాబు చెప్పని చిన్న ప్రశ్న ఒకటి మిగిలిపోయింది. కమిటీ కాగితాలను చర్చకు ముందు ఇంత సమయం చదువుకునే హక్కు సభ్యుడికి రూల్స్‌లో ఉందా? బిల్లుల విషయంలో ఉంది. మిగతా వాటిలో దాదాపు లేదు. తేడా అంతా అక్కడే.

ముందు బిల్లుల సంగతి. సెలెక్ట్ కమిటీకో (ఒక బిల్లు కోసం ఒకే సభ వేసేది), జేపీసీకో (ఉభయ సభల సంయుక్త కమిటీ) వెళ్లిన బిల్లు తిరిగి వచ్చాక, దాన్ని పరిశీలనకు తీసుకోవాలని మంత్రి ప్రతిపాదిస్తారు. ఇది లోక్‌సభ రూల్ 77 కిందికి వస్తుంది. నివేదిక ప్రతి రెండు రోజుల ముందు సభ్యుల చేతికి అందకపోతే ఎవరైనా ఒక సభ్యుడు లేచి అభ్యంతరం చెప్పవచ్చని అందులోనే ఉంది. అభ్యంతరం చెప్పారంటే ప్రతిపాదన ఆగాల్సిందే. స్పీకర్ ప్రత్యేకంగా అనుమతిస్తేనే ముందుకు కదులుతుంది. ఈ హక్కుకు పార్టీ బలంతో, ఓటింగ్‌తో పనిలేదు. ఒక్క సభ్యుడు చాలు. కానీ సమయం చూసి వాడాలి. మంత్రి ప్రతిపాదన చదువుతున్నప్పుడే లేవాలి. మంత్రి మాట్లాడి, ఇద్దరు ముగ్గురు సభ్యులు ప్రసంగించాక గుర్తుకొచ్చి పాయింట్ ఆఫ్ ఆర్డర్ (రూల్ తప్పిందన్న అభ్యంతరం) లేవనెత్తితే, చర్చ మొదలైపోయింది కూర్చోండని అధ్యక్ష స్థానం నుంచి మాట వస్తుంది. ఆ మాటలో తప్పు పట్టడానికీ ఏమీ ఉండదు.

రెండు రోజులు సరిపోతాయా అంటే, జేపీసీ నివేదికకు సరిపోవు. అయినా అడ్డుపడటానికి చేతిలో ఒక ఆధారమైతే ఉంది. సభాహక్కుల సంఘం నివేదికకు వర్తించే రూల్ 315లో అదీ లేదు. నివేదికను పరిశీలనకు తీసుకోవాలా వద్దా అనే దానిపై స్పీకర్ అరగంటకు మించకుండా చర్చ పెట్టవచ్చు. ఆ అరగంటలోనూ నివేదిక వివరాల్లోకి లోతుగా వెళ్లకూడదు, పరిశీలన ఎందుకు అవసరమో చెప్పడానికి కావలసినంత మేరకే వాటిని ప్రస్తావించాలి. పరిశీలనకు సభ ఒప్పుకున్నాక, నివేదికతో ఏకీభవిస్తున్నామనో, విభేదిస్తున్నామనో, సవరణలతో ఒప్పుకుంటున్నామనో మరో ప్రతిపాదన వస్తుంది. ఎథిక్స్ కమిటీ నివేదికలదీ ఇదే తరహా. నివేదిక చేతికొచ్చాక ఇన్ని రోజులు ఆగాలనే మాట ఇక్కడ కనిపించదు. చట్టంలో ఒక కామా మార్చే నివేదికకు రెండు రోజుల రక్షణ ఉండి, ఒక నియోజకవర్గం ప్రతినిధిని ఇంటికి పంపే నివేదికకు లేకపోవడం విడ్డూరమే. నన్నడిగితే రూల్స్ కమిటీ అన్నిటికన్నా ముందు సరిచేయాల్సిన లోపం ఇది.

ఇక కాగితాల దగ్గరికి వద్దాం. కమిటీ రికార్డు అంటే ఒకే దస్త్రం అనుకుంటారు చాలామంది. నిజానికి అందులో నాలుగైదు రకాలు ఉంటాయి. ఒక్కొక్కటి ఒక్కో వేళకు బయటికొస్తుంది, కొన్ని ఎప్పటికీ రావు.

అందరికీ తెలిసింది నివేదిక. దాని వెనుక అనుబంధంగా సమావేశాల మినిట్స్ ఉంటాయి. ఎవరు హాజరయ్యారు, ఎవరిని పిలిచారు, ఏ తేదీన ముసాయిదా ఆమోదించారు అన్నవే వీటిలో కనిపిస్తాయి. ఎవరు ఏమన్నారో ఉండదు. అది వెర్బేటిమ్‌లో ఉంటుంది, అంటే రిపోర్టర్లు అక్షరం పొల్లుపోకుండా రాసుకున్న సాక్ష్యంలో. ఆ రాతలో సాక్షికి సంబంధించిన భాగాన్ని సాక్షికే పంపి, గడువులోగా సరిచూసి పంపమంటారు. పంపకపోతే రిపోర్టర్ రాసిందే ఖాయం. తప్పుపడ్డ మాట దిద్దుకోవచ్చు గానీ, ఇచ్చిన జవాబును ఇంటికెళ్లి మార్చుకోవడం కుదరదు. ఇవి కాక మంత్రిత్వ శాఖ రాసిచ్చిన జవాబులు, సంస్థలూ ప్రజలూ పంపిన వినతిపత్రాలు, చివరగా అసమ్మతి పత్రాలు.

వీటన్నిటికీ తాళం రూల్ 275. సాక్ష్యం మొత్తాన్నో, కొంత భాగాన్నో, సారాంశాన్నో సభ ముందు ఉంచమని కమిటీ ఆదేశించవచ్చు. సభ ముందు పెట్టని సాక్ష్యం గానీ, నివేదిక గానీ, కమిటీ కార్యకలాపాల రికార్డు గానీ స్పీకర్ అనుమతి లేకుండా ఎవరూ చూడకూడదు. కమిటీ సభ్యుడైనా సరే, సాక్ష్యాన్ని అంతకుముందు ప్రచురించకూడదు. ఇంతవరకు చాలామందికి తెలుసు. కింద ఉన్న మినహాయింపు దగ్గరే ఎవరి చూపూ ఆగదు. సాక్ష్యాన్ని సభ ముందు పెట్టకముందే, గోప్యంగా సభ్యులకు అందజేయమని స్పీకర్ తన విచక్షణ మేరకు ఆదేశించవచ్చు. అంటే, చర్చకు ముందే సాక్ష్యం చూడాలనుకునే ఎంపీకి దారి ఉంది. స్పీకర్‌కు ముందుగా, రాతపూర్వకంగా, ఏ కమిటీ, ఏ అంశం, ఏ తేదీ సిట్టింగ్ అనేది చెబుతూ అడగాలి. చర్చ రోజు పొద్దున లేచి సభలో అరిస్తే దొరికే వస్తువు కాదది. అలా దొరికినా చదువుకోవడానికే తప్ప, సభలో చదివి వినిపించడానికి పనికిరాదు.

సాక్షులకు ఈ సంగతి ముందే చెబుతారు. స్పీకర్ ఆదేశాల్లో 58వది దీని కోసమే. మీరు చెప్పేది బహిరంగంగా పరిగణిస్తాం, ప్రచురించవచ్చు, ఏదైనా భాగం గోప్యంగా ఉంచాలంటే ప్రత్యేకంగా చెప్పండి, అలా చెప్పినా పార్లమెంటు సభ్యులకు మాత్రం అందజేసే అవకాశం ఉంటుందని చైర్‌పర్సన్ వివరిస్తారు. గోప్యం అంటే జనం నుంచే, ఎంపీల నుంచి కాదు.

55వ ఆదేశం దీనికి జోడీ. నివేదిక సభకు చేరేదాకా కమిటీలో జరిగినదాన్ని, తాత్కాలికంగా వచ్చిన అభిప్రాయాలతో సహా, నేరుగా గానీ పరోక్షంగా గానీ పత్రికలకు చెప్పకూడదు. ఇది ఎంత చక్కగా అమలవుతోందో కమిటీలు సమావేశమయ్యే పార్లమెంటు అనెక్స్ బయట మైకుల ముందు నిలబడే సభ్యులను చూస్తే అర్థమవుతుంది. నవ్వుకుని వదిలేయవచ్చు గానీ దీనివల్ల జరిగే అసలు నష్టం వేరు. పత్రికలో లీకైన ముక్కను పట్టుకుని సభలో మాట్లాడబోతే, నివేదిక రాకముందు కమిటీ సంగతులు ప్రస్తావించకూడదని అధ్యక్ష స్థానం ఆపేస్తుంది. ప్రశ్నోత్తరాలకూ అదే షరతు. కమిటీ నివేదిక ద్వారా సభ ముందుకు రాని కార్యకలాపాల గురించి ప్రశ్న వేస్తే దాన్ని అనుమతించరు. ఊరంతా చదివిన విషయాన్ని సభ మాత్రం చర్చించలేని పరిస్థితి అలా వస్తుంది. 2011 ఏప్రిల్‌లో 2జీ స్పెక్ట్రం కేటాయింపుల వ్యవహారంపై ప్రజా పద్దుల సంఘం (ప్రభుత్వ ఖర్చును తనిఖీ చేసే పార్లమెంటరీ కమిటీ) నివేదిక ముసాయిదా అలాగే ముందు పత్రికల్లోకి వచ్చింది. కమిటీ సమావేశం రెండుగా చీలింది. చైర్మన్ మురళీ మనోహర్ జోషి దాన్ని స్పీకర్ మీరా కుమార్‌కు సమర్పిస్తే, ఆమె తిప్పి పంపారు. దేశమంతా చదివిన ఆ పత్రం సభ లెక్కలో నివేదికే కాలేదు.

అసమ్మతి పత్రం, అంటే నివేదికతో ఏకీభవించని సభ్యుడు రాసిచ్చే అభిప్రాయం, విషయంలో పొరపాట్లు మరీ ఎక్కువ. అన్ని కమిటీల్లో అది ఉండదు. ప్రజా పద్దుల సంఘం లాంటి ఆర్థిక కమిటీల్లో అసలు ఇవ్వడానికే వీల్లేదు. మంత్రిత్వ శాఖల పనిని పరిశీలించే స్థాయీ సంఘాల్లో, సెలెక్ట్ కమిటీల్లో, జేపీసీల్లో ఇవ్వవచ్చు. సెలెక్ట్ కమిటీల రూల్ 303 మూడు షరతులు పెట్టింది. భాష నిగ్రహంగా ఉండాలి, కమిటీ లోపలి చర్చను ప్రస్తావించకూడదు, కమిటీకి దురుద్దేశాలు అంటగట్టకూడదు. చాలా అసమ్మతి పత్రాలు రెండో షరతు దగ్గరే జారిపడతాయి. ‘ఫలానా రోజు నేను ఈ సవరణ అడిగితే చైర్మన్ వినలేదు’ అని రాశారా, కత్తెరకు అవకాశం మీరే ఇచ్చినట్టు. అదే మాటను ‘ఈ క్లాజు ఇలా ఉండాలి, ఎందుకంటే’ అని బిల్లు మీద పెట్టి రాస్తే ఎవరూ ముట్టుకోలేరు. వాదన అదే, రాసే తీరే వేరు.

వక్ఫ్ సవరణ బిల్లు జేపీసీలో రాజుకున్న గొడవ ఇక్కడిదే. బిల్లు 2024 ఆగస్టు 8న వచ్చింది. 21 మంది లోక్‌సభ, 10 మంది రాజ్యసభ సభ్యులతో జగదంబికా పాల్ అధ్యక్షతన కమిటీ ఏర్పడింది. మన వైపు నుంచి అసదుద్దీన్ ఒవైసీ, డి.కె. అరుణ, లావు శ్రీకృష్ణదేవరాయలు అందులో ఉన్నారు. 2025 జనవరి 29న నివేదిక ఆమోదం పొందింది. ముసాయిదా ముందురోజు సాయంత్రం అందిందని, రాత్రికి రాత్రి అన్ని వందల పేజీలు చదివి అసమ్మతి ఎలా రాస్తామని ప్రతిపక్ష సభ్యులు అడిగారు. ఫిబ్రవరి 13న ఉభయ సభల ముందు పెట్టినప్పుడు, తమ అసమ్మతి పత్రాల్లో కొన్ని భాగాలు తీసేశారని రాజ్యసభలో నిరసన లేచింది. వాటిని జోడించడానికి తమకు అభ్యంతరం లేదని హోం మంత్రి లోక్‌సభలో చెప్పారు. తీసేసిన భాగాలు మళ్లీ నివేదికతో చేరాయి. బిల్లుపై లోక్‌సభ చర్చ ఏప్రిల్ 2న జరిగింది. అంటే చదువుకోవడానికి ఏడు వారాలు దొరికాయి. 2023లో కాగితం పూర్తిగా ఉంది, సమయం లేదు. 2025లో సభ్యులకు సమయం ఉంది, మొదట వచ్చిన కాగితం మాత్రం నిండుగా లేదు. రెండు సందర్భాల్లోనూ అదే కేకలు వినిపించాయి గానీ, వాడాల్సిన ఆయుధాలు వేరు. మొదటిదానికి గడువు అడగాలి, రెండోదానికి అనుబంధం అడగాలి.

చర్చలో మంత్రి ఏదో పత్రం నుంచి చదవడం మొదలుపెడితే రూల్ 368 గుర్తుండాలి. సభ ముందు పెట్టని ప్రభుత్వ పత్రాన్ని మంత్రి యథాతథంగా ఉటంకిస్తే, దాన్ని సభ ముందు ఉంచాల్సిందే. ఉంచితే ప్రజాప్రయోజనానికి భంగమని మంత్రి చెబితే మినహాయింపు దొరుకుతుంది. ఆరితేరిన మంత్రులు అంతదూరం కూడా రానివ్వరు, పత్రాన్ని చదవకుండా సారాంశాన్ని సొంత మాటల్లో చెబుతారు. సారాంశం చెబితే పత్రం పెట్టనక్కర్లేదని ఆ రూల్‌లోనే ఉంది. కాబట్టి అడిగేవారు ‘ఆ పత్రం పెట్టండి’ అనేకన్నా ముందు ‘మీరు చదువుతున్నారా, సారాంశం చెబుతున్నారా’ అని అడిగి రికార్డులోకి ఎక్కించడం మేలు. రూల్ 370 ఇంకొంచెం పదునైనది. ఫలానా అధికారి నాకు ఈ సలహా ఇచ్చాడని మంత్రి సభలో బయటపెడితే, ఆ సలహా ఉన్న పత్రాన్ని మామూలుగా సభ ముందు పెట్టాలి. నెపం అధికారుల మీదికి నెట్టే అలవాటున్న చోట ఇది బాగా పనికొస్తుంది. మామూలు సభ్యుడు తన కాగితం పెట్టాలంటే మాత్రం ముందుగా స్పీకర్‌కు ప్రతి ఇచ్చి అనుమతి తీసుకోవాలి, దాన్ని ప్రామాణీకరిస్తూ సంతకం చేయాలి. చేతిలో కాగితం ఊపుతూ ‘టేబుల్ చేస్తున్నా’ అన్నంత మాత్రాన అది సభ పత్రం కాదు.

కాగితం కమిటీ చేతికే రాకపోతే? రూల్ 270 కింద మనుషులనూ దస్త్రాలనూ పిలిపించే అధికారం కమిటీకి ఉంది. అయితే దేశ భద్రతకో ప్రయోజనాలకో హాని అంటూ ప్రభుత్వం ఒక పత్రాన్ని ఇవ్వననవచ్చు. ఆ పత్రం విషయానికి సంబంధించిందా కాదా అని పేచీ వస్తే స్పీకర్ మాటే ఆఖరు. కమిటీ అడిగింది, ప్రభుత్వం ఇవ్వలేదు అనే సంగతి నివేదికలో ఒక్క వాక్యంగానైనా నమోదైతే సభలో దాని మీద గంటసేపు మాట్లాడవచ్చు. నమోదు కాకపోతే ఒక్క నిమిషం కూడా దక్కదు.

ఇదంతా పార్లమెంటు వేసిన కమిటీల సంగతి. ప్రభుత్వం వేసే కమిటీలు వేరు. తెలుగువాళ్లకు దీనికి, తెలంగాణ అంశంపై కేంద్రం వేసిన శ్రీకృష్ణ కమిటీకి మించిన ఉదాహరణ అక్కర్లేదు. నివేదిక 2010 డిసెంబర్ 30న కేంద్ర హోం శాఖకు చేరింది, 2011 జనవరి 6న బయటికొచ్చింది. శాంతిభద్రతలకు సంబంధించిన ఎనిమిదో అధ్యాయం మాత్రం సీల్డ్ కవర్లోనే ఉండిపోయింది. దానికోసం హైకోర్టు దాకా వెళ్లారు. రూల్ 275, స్పీకర్ విచక్షణ అక్కడికి చేరవు. అది సభ కాగితం కాదు, శాఖ కాగితం. ఇక 2014లో ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ బిల్లు అసలు ఏ పార్లమెంటరీ కమిటీకీ వెళ్లలేదు. అందుకే ఆ చట్టంలోని ఒక సెక్షన్ ఎందుకలా రాశారో తెలుసుకుందామంటే కమిటీ సాక్ష్యమంటూ వెతకడానికే ఏమీ లేదు. సభలో మంత్రులు, సభ్యులు అన్న మాటలే దిక్కు.

పౌరుడి వైపు నుంచి చూస్తే, సభ ముందుకు రాని కమిటీ సాక్ష్యం కోసం సమాచార హక్కు దరఖాస్తు పెడితే సెక్షన్ 8(1)(సి) చూపించి తిప్పి పంపే అవకాశమే ఎక్కువ. బయటపెడితే సభాహక్కులకు భంగమయ్యే సమాచారానికి అది మినహాయింపు ఇస్తుంది. అదే జవాబును మంత్రిత్వ శాఖ దగ్గర వేరే దారిలో వెతకవచ్చు. కమిటీకి ఇచ్చిన జవాబు ప్రతి అడక్కుండా, ఆ జవాబుకు ఆధారమైన గణాంకాలు, ఉత్తర్వులు అడగండి. అవి శాఖ దస్త్రాలు.

నివేదిక సభకు చేరాక లెక్క మారిపోతుంది. ఖమ్మం జిల్లా గిరిజన హాస్టళ్ల బాలికలకు ఇచ్చిన హెచ్‌పీవీ (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నివారణ) టీకా వ్యవహారం దీనికి నిదర్శనం. ఆరోగ్య శాఖ స్థాయీ సంఘం 72వ నివేదికను 2013 ఆగస్టు 30న సమర్పించింది. ఆ నివేదికను సుప్రీంకోర్టులో ఆధారంగా చూపవచ్చా అనే ప్రశ్న అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం దాకా వెళ్లింది. కల్పనా మెహతా కేసులో 2018 మే 9న తీర్పు వచ్చింది. స్థాయీ సంఘం నివేదికను కోర్టు చూడవచ్చు, ఆధారంగా తీసుకోవచ్చు. దాని చెల్లుబాటును మాత్రం కోర్టులో సవాలు చేయకూడదు. అందులోని నిర్ధారణ వివాదంలో ఉంటే కోర్టు తానుగా తేల్చుకోవాలి. సభ కోసం రాసిన నివేదికను కోర్టు ముందుకు తెచ్చిన ఆ కేసులో మన భద్రాచలం వైపు పిల్లలు ఉన్నారన్న సంగతి చాలామందికి గుర్తుండదు.

బ్రిటన్ హౌస్ ఆఫ్ కామన్స్‌లో సెలెక్ట్ కమిటీలు విచారణ నడుస్తుండగానే సాక్ష్యాలను ప్రచురిస్తూ పోతాయి. ఆ రోజు ఆర్డర్ పేపర్‌లో చర్చాంశం కిందే సంబంధిత కమిటీ పత్రాల పేర్లు అచ్చవుతాయి. చర్చకు కూర్చునే సభ్యుడు ఏం చదివి రావాలో కాగితమే చెబుతుంది. మన సభా కార్యక్రమాల జాబితాలో ఆ ఒక్క వరుస చేరిస్తే ఖర్చేమీ ఉండదు.

చివరగా, వెతికేవారికి. స్థాయీ సంఘాలు 24 ఉన్నాయి, 16 లోక్‌సభ సచివాలయం కింద, 8 రాజ్యసభ సచివాలయం కింద. లోక్‌సభ వైపు నివేదికల సంఖ్య ప్రతి కొత్త లోక్‌సభకూ మళ్లీ ఒకటి నుంచి మొదలవుతుంది. కాబట్టి ‘12వ నివేదిక’ అంటే చాలదు, ఎన్నో లోక్‌సభదో చెప్పాలి. రాజ్యసభ వైపు సంఖ్య వరుసగా సాగిపోతుంది. ఉటంకించేటప్పుడు పేజీ కాదు, పేరా సంఖ్య ఇవ్వండి. అచ్చు ప్రతికీ పీడీఎఫ్‌కూ పేజీలు కలవకపోవచ్చు, పేరాలు మారవు. అసలు నివేదికతో ఆగకుండా దాని చర్యల నివేదికను (సిఫార్సులపై ప్రభుత్వం ఏం చేసిందో కమిటీ చెప్పే యాక్షన్ టేకెన్ రిపోర్టును) కూడా తెరవండి. అందులో నాలుగో అధ్యాయం, అంటే ప్రభుత్వ జవాబును కమిటీ ఒప్పుకోని సిఫార్సుల భాగం, ముందు చదవండి. సభలో మంత్రిని నిలదీయడానికి పనికొచ్చే సరుకు అక్కడే దొరుకుతుంది. అయిదో అధ్యాయంలో ఉండేవి తుది జవాబు ఇంకా రానివి. మూడేళ్ల తర్వాత కూడా అవి అక్కడే ఉంటే, అదే ఒక ప్రశ్న. పైన చెప్పిన 72వ నివేదికను ఒంటరిగా చదవకండి. దానికి కొనసాగింపుగా 2014 డిసెంబర్‌లో వచ్చిన 81వ నివేదికను పక్కన పెట్టుకుంటే, ఏ సిఫార్సుకు ప్రభుత్వం ఏమని జవాబిచ్చిందో, కమిటీ దేనికి సంతృప్తి చెందలేదో పేరా పేరాకూ కనిపిస్తుంది.